గోల్‌లో వాటా

ఆట అయిపోయాక జనం పడవల్లో ఇళ్లకు మళ్లారు. పాత బీచ్ రోడ్డు సముద్రంలో కలిసిపోయి నలభై ఏళ్లు దాటింది. ఊరు కొండల వైపు జరిగింది, ఆటలు నీటి మీదికి వచ్చాయి. భీమిలికి ఎదురుగా, అఖాతంలో లంగరు వేసి నిలిపిన తేలే మైదానం ఇప్పుడు ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్ద స్టేడియం. అడుగున అమర్చిన గాలితిత్తులు అలల ఊపును మింగేస్తాయి కాబట్టి, పైన గడ్డి మీద నిలబడ్డవాళ్లకు నీళ్ల మీద ఉన్నామన్న సంగతే తెలియదు.

పడవలో ఎవరూ ఆట గురించి మాట్లాడుకోవడం లేదు. మాట్లాడుకునేందుకు అందులో ఏమీ జరగలేదు. సున్నా-సున్నా. వాళ్లు మాట్లాడుకుంటున్నది వాటాల గురించి.

"నర్సి గోల్ మిస్సు చేసీసింది చూసినావా? డెబ్భై నాలుగు శాతం ఆ పిల్లదేనట."

"కోచ్‌ది ఎంతేటి?"

"మూడు."

"మరింకేటి, ఆయన్నేటనగలం?"

పడవ వెనక బల్ల మీద, టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చున్న పెద్దమనిషి ఆ మాటలు విన్నాడు. ఆయన వాసుపల్లి ఎల్లాజీ. భీమిలి కెరటాలు అనే మహిళా జట్టుకు తొమ్మిదేళ్లుగా కోచ్. మూడు శాతమంటే ఏ కోచ్ అయినా హాయిగా నిద్రపోవచ్చు. అయినా ఆయన మనసు ఎక్కడో తేడాగా ఉంది. డెబ్భై నాలుగు శాతం మోస్తున్న పిల్ల కూడా అదే పడవలో, ముందు వరసలో ఒంటరిగా కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు.

ఆ శాతాలు చెప్పే యంత్రం పేరు హేతుమాపని.

ఒకప్పుడు జట్టు వరసగా ఓడితే ముందుగా కోచ్ ఉద్యోగం ఊడేది. ఫార్వర్డ్ కాలు బెణికినా, గోల్‌కీపర్‌కు ఇంట్లో మనశ్శాంతి లేకపోయినా, గాలి ఎదురు తిరిగినా పోయేది కోచే. కుర్రతనంలో ఎల్లాజీ కూడా అలా రెండు క్లబ్బుల నుంచి బయటికి వచ్చాడు. ఈ అన్యాయానికి మందు కనిపెట్టింది డాక్టర్ షేక్ ఫర్హానా. ఆమె చదివింది నాడీశాస్త్రం. ఆటగత్తెల భుజాలకూ తొడలకూ ఉల్లిపొర కంటే పలచని నాడీపొర అంటిస్తారు. కండరాల అలసట, నిద్ర, గుండె వేగం, మెదడు నుంచి కాలికి వెళ్లే ప్రతి సంకేతం అందులో నమోదవుతాయి. మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు ఆటను చూస్తాయి. కోచ్ కాలర్‌కు ఉన్న మైకు ఆయన ఇచ్చే ఆదేశాలను వింటుంది. ఒక బంతి గోల్ తప్పిందనుకోండి, హేతుమాపని ఆ క్షణం నుంచి దారం పట్టుకున్నట్టు వెనక్కి వెళ్తుంది. ప్రాక్టీసులో మోపిన బరువు ఎంత, ఆమె సొంత పొరపాటు ఎంత, తోటివాళ్లది ఎంత, గాలిది ఎంత అని తేల్చి, శాతాలు కట్టి బోర్డు మీద చూపిస్తుంది. గోల్ పడినా అంతే.

నాడీపొరకు ఇంకో విద్య కూడా తెలుసు. మనిషి తనంతట తాను పూనుకుని చేసే పనికీ, ఒకరు చెప్పారని చేసే పనికీ నాడుల్లో జాడ వేరుగా ఉంటుంది. ఆ తేడాను అది చదవగలదు. కానీ లీగ్ పెద్దలు పని తేలిక చేసుకున్నారు. కోచ్ నోటితో స్పష్టంగా ఆదేశం ఇస్తే నాడుల్ని చూడనక్కర్లేదు, దాని ఫలితం మొత్తం కోచ్ ఖాతాలోకే. ఆదేశం లేకపోతే అది ఆటగత్తె సొంత నిర్ణయం. ఇక కోచ్‌లకు నాడీపొర అంటించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వాళ్లు బంతి తన్నరు కదా.

దాంతో కోచ్‌లు ఆదేశాలు ఇవ్వడం మానేశారు. ఎల్లాజీ కూడా మానేశాడు. ప్రాక్టీసుకు ముందు తెర మీద మూడు రకాల కసరత్తులు పెడతాడు. "నీ ఇష్టం అమ్మా, ఏది కావాలంటే అది" అంటాడు. అది మర్యాదగా, ఆధునికంగా ఉంటుంది. ఖాతా కూడా శుభ్రంగా ఉంటుంది.

మర్నాడు ఉదయం క్లబ్ ఛైర్మన్ ప్రకాశరావు ఎల్లాజీని తన గదికి పిలిపించాడు.

"మీ తప్పేం లేదని యంత్రమే చెబుతోందండీ. మీ శిక్షణ బాగానే ఉంది. ఆ నర్సమ్మ ఫామే పోయింది. ఈ సీజన్ ఆఖరి ఆట అయ్యాక ఆ అమ్మాయిని వదిలేద్దాం."

"రెండేళ్ల కిందట ఆ పిల్లే కదండీ మనల్ని పైకి తెచ్చింది!"

"అప్పుడు వాటా బాగుంది, తెచ్చింది. ఇప్పుడు చూడండి." ప్రకాశరావు తెర ఆయన వైపు తిప్పాడు. చూడడానికి కొత్తగా ఏమీ లేదు. ఎల్లాజీ తలూపి బయటికి వచ్చాడు.

ఆ రోజు ప్రాక్టీసులో ఆయన బెంచీ మీద కూర్చోకుండా గోల్ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పైల నర్సమ్మకు ఇరవై రెండేళ్లు. బంతి కాలికి తగిలితే అతుక్కున్నట్టు ఉంటుంది. ఇద్దరిని దాటుకుని వచ్చింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే ఉంది. కుడివైపు మూల అంతా ఖాళీ. నర్సి కాలు పైకి లేచింది. లేచి, బంతిని పక్కనున్న పిల్లకు నెట్టింది. ఆ పిల్ల ఇంకో పిల్లకు నెట్టింది. ఆమె వెనక్కి ఇచ్చింది. కాసేపటికి బంతి మైదానం మధ్యకు చేరింది.

ఎల్లాజీ ఆట ఆపించి నర్సిని పక్కకు పిలిచాడు.

"ఎందుకు కొట్టలేదమ్మా?"

"పాస్ బావుందని ఇచ్చీసినాను సార్."

"నేనడిగింది అది కాదు."

నర్సి జెర్సీ అంచుతో మొహం తుడుచుకుంది. "కొట్టి పోతే నా వాటా సార్. పాస్ ఇస్తే ఎవలేటనరు. ఆల్లూ అంతే గదా, బంతిని ఒకలికి ఒకలు తోసీసుకుంటన్నాం."

"నేను పాసే ఇమ్మని ఎప్పుడైనా చెప్పానా?"

"చెప్పలేదు సార్. చెప్పరు. నాను కొట్టి పోగొట్టినప్పుడు మీరు ఏటీ అనకుండా మొహం సముద్రం వైపు తిప్పీస్తారు. పాస్ ఇచ్చినప్పుడు తలూపుతారు. మీ తల ఎటు ఊగితే అటే గదా మేం ఎల్తాం."

ఎల్లాజీ "సరే, వెళ్లి ఆడు" అన్నాడు. ఆమె వెళ్లాక తన మెడ మీద చెయ్యి వేసుకుని, అదేదో కొత్త వస్తువైనట్టు తడుముకున్నాడు.

కైలాసగిరి మీద ఉన్న ప్రయోగశాలలో ఫర్హానా ఆయనకు టీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆమె అరవై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. ఆయన చెప్పిందంతా అడ్డు రాకుండా వింది.

"మొహం తిప్పడానికి మీ యంత్రంలో ఎంత శాతం వేస్తారు డాక్టరమ్మా?" అని అడిగాడు ఎల్లాజీ చివరికి.

"ఏమీ వెయ్యదు. ఆదేశమంటే మాటేనని లీగ్ వాళ్లు రాసుకున్నారు. మీ మౌనం నా యంత్రానికి వినపడదు ఎల్లాజీ గారూ." ఆమె గోడ మీది తెర వెలిగించింది. దాని మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా కిందికి దిగుతోంది. "ఇది లీగ్‌లో జట్లన్నీ కలిసి గోల్‌కేసి కొట్టిన షాట్ల లెక్క. హేతుమాపని వచ్చిన ఏడాది నుంచి ఇలా పడిపోతోంది. ఎందుకని యంత్రాన్నే అడిగాను. ప్రతి ఆటకూ విడివిడిగా జవాబు చెబుతుంది, అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఆట చచ్చిపోతోంది."

"లీగ్ వాళ్లకి చెప్పలేదా?"

"చెప్పాను. ఇందులో మా వాటా ఎంత అని అడిగారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఎల్లాజీ టీ కప్పు పక్కన పెట్టాడు.

"నేను నోటితో చెబితే మొత్తం నా ఖాతాలోకే వస్తుంది కదా?"

"వస్తుంది. ఓడిన ఆటలో కోచ్ వాటా సగం దాటితే లైసెన్స్ ఆగిపోతుందని మీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు ఎల్లాజీ.

ఆఖరి ఆట గోదావరి జట్టుతో. బట్టలు మార్చుకునే గదిలో పిల్లలంతా బూట్లు బిగించుకుంటూ ఉండగా ఎల్లాజీ లోపలికి వచ్చి కాలర్ మైకు వేలితో తట్టి చూశాడు. అది పని చేస్తున్నట్టు చిన్న పచ్చదీపం వెలిగింది.

"ఇది ఆదేశం. గోల్ కనబడితే కొట్టాలి. దూరమైనా, పక్కన ఎవరున్నా కొట్టాలి. ఈ రోజు మీరు కొట్టే ప్రతి షాటూ నా ఆదేశమే."

కెప్టెన్ గొల్లపల్లి ఎస్తేరు జట్టుకు గోల్‌కీపర్. అందరి తరఫునా ఆమే అడిగింది.

"పోయినవన్నీ మీకేనా సార్?"

"అన్నీ నాకే."

"ఎక్కువ పోతాయి సార్. అలవాటు తప్పీసింది మరి."

"పోనీండమ్మా."

ఎక్కువే పోయాయి. మొదటి షాట్ స్టేడియం దాటి సముద్రంలో పడింది. రెండోది గోల్ స్తంభానికి తగిలింది. ఒక్కో షాట్ పోయినప్పుడల్లా బోర్డు మీద ఎల్లాజీ పేరు పక్కన అంకె పెరుగుతోంది. జనం ముందు నవ్వారు, తర్వాత అరిచారు, ఆపైన ఎప్పుడో అంకెల వైపు చూడడం మరిచిపోయారు. గోల్ ముందు బంతి ఇలా ఎగిరిపడడం చూసి వాళ్లకు చాలా ఏళ్లయింది. ఇరవై గజాల దూరం నుంచి నర్సి ఒకటి కొట్టింది. వల కదిలింది. స్టేడియం మొత్తం ఒక్కసారి లేచింది. గాలితిత్తులకు కూడా ఆ ఊపు మింగుడు పడక మైదానం ఒక్క క్షణం ఊగినట్టయింది.

గోదావరి జట్టుకు కూడా ఆ గాలి తగిలింది. వాళ్లూ కొట్టసాగారు. మూడు గోల్స్ వాళ్లవి, రెండు నర్సివి. ఆట ముగుస్తుందనగా నర్సికి మళ్లీ బంతి అందింది. ఎదురుగా గోల్‌కీపర్ కింద పడి ఉంది, వల బార్లా తెరిచి ఉంది. నర్సి కొట్టిన బంతి అడ్డకర్ర మీదుగా పైకి లేచిపోయింది. విజిల్ మోగింది. మూడు-రెండు.

బోర్డు మీద ఓటమి లెక్క వచ్చింది. కోచ్, ఎనభై ఒక్క శాతం. నర్సి మిస్సులో నర్సి వాటా సున్నా.

ఎల్లాజీ లైసెన్స్ నిలిపివేస్తున్నట్టు మర్నాడే కబురు వచ్చింది. ఆయన దాన్ని చూసి పక్కన పెట్టి, చాలాకాలం తర్వాత తీరిగ్గా చేపల పులుసు వండుకున్నాడు. తలుపు చప్పుడైతే తీశాడు. గుమ్మంలో నర్సి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పిల్ల తన కోసం ఏడ్చిందనుకుని ఎల్లాజీ కరిగిపోయాడు. "రా అమ్మా. దీనికెందుకు బాధ? నేను తెలిసే చేశాను."

"నా గోల్స్ సార్" అంది నర్సి.

"ఏంటి?"

"రెండు గోల్స్ కొట్టినాను. బోర్డు మీద చూసినారా? రెండిటికీ కోచ్ వంద శాతం. నాది సున్నా. మా అమ్మ ఫోన్ చేసి, మీ సార్ రెండు గోల్స్ ఏసినారటే అంటంది. ఊరంతా నవ్వతన్నాది సార్!"

లైసెన్స్ మాట ఈ పిల్లకు గుర్తే లేదు. ఎల్లాజీకి ముందు కోపం వచ్చింది, తర్వాత ఆ కోపం ఎటు పోయిందో తెలియకుండా పోయింది.

"నేను చెప్పబట్టే కొట్టావు కదమ్మా."

"మీరు చెప్పినారు. నిజమే. గాని ఆ రెండోది కొట్టినప్పుడు మీరు గుర్తున్నారంటారా? ఎవులూ గుర్తు లేరు. కాలూ, బంతీ, ఆ మూలా. అంతే. అది నాది సార్."

"పద, పోదాం" అన్నాడు ఎల్లాజీ, పొయ్యి కట్టేసి.

ఫర్హానా నర్సి మాట శ్రద్ధగా వింది. "అభ్యంతరం పెట్టుకోవచ్చు. అప్పుడు కోచ్ ఆదేశాన్ని పక్కన పెట్టి, నీ నాడీపొరనే చదువుతాం. నువ్వు చెప్పినట్టు అది నీ సొంతమైతే నీకే వస్తుంది. కానీ ఒక మాట తల్లీ. ఒక్క గోల్‌ని విడదీసి చదవడం కుదరదు. ఆట మొత్తం చదవాలి."

"మొత్తం అంటే?"

"మొత్తం. పోయినవి కూడా."

నర్సి కిటికీలోంచి బయటికి చూసింది. కింద, దూరంగా, నీటి మీద తేలే మైదానం ఆకుపచ్చ పలకలా కనబడుతోంది. బార్లా తెరిచిన వల, అడ్డకర్ర మీదుగా ఎగిరిపోయిన ఆ బంతి ఆమె కళ్ల ముందు ఉన్నాయని ఎల్లాజీకి తెలుసు. ఊరుకో తల్లీ, ఆ భారం నాకే ఉండనీ అని చెబుదామని నోరు తెరిచాడు. నర్సి ముందే మాట్లాడింది.

"రానీండి మేడమ్. ఆ రెండూ నావయితే ఇవీ నావే."

యంత్రం చదివింది. ఫలితం ఆ సాయంత్రమే ఊళ్లోని బోర్డులన్నిటి మీదా వచ్చింది. నర్సి నాడుల్లో ఒకరి మాట వింటున్న జాడ ఆట మొదట్లో కాస్త కనబడింది. ఆ తర్వాత ఎక్కడా లేదు. రెండు గోల్స్ ఆమెవి. ఆఖరి మిస్సు ఆమెది. ఓటమిలో పెద్ద వాటా ఆమె పేరుకు మారింది. అది చూసి స్తంభానికి కొట్టిన పిల్ల వచ్చింది, నా షాట్ ఎంత బాగా వెళ్లిందో అది కూడా చదవండి అంటూ. సముద్రంలోకి కొట్టిన పిల్ల కూడా వచ్చింది. అంత దూరం ఇంతవరకు ఎవరూ కొట్టలేదట. వారం తిరిగేసరికి మైదానంలో ఆ రోజు ఆడిన వాళ్లంతా తమ తమ తప్పులు తాము తీసుకుపోయారు. ఎల్లాజీ వాటా మళ్లీ మూడుకు దిగింది. లైసెన్స్ వెనక్కి వచ్చింది. రెండు గోల్స్ కొట్టిన పిల్లను వదులుకోవడం ఎందుకని ప్రకాశరావే అన్నాడు.

లైసెన్స్ చేతికి వచ్చిన రోజు ఎల్లాజీ కృతజ్ఞతలు చెప్పడానికి మళ్లీ కైలాసగిరి ఎక్కాడు. చెప్పడం అయింది. టీ తాగడం అయింది. అయినా ఆయన లేవలేదు.

"ఇంకేమైనా ఉందా ఎల్లాజీ గారూ?"

"ఏం లేదు." ఆయన టోపీ చేతుల్లో తిప్పాడు. "ఆ రెండో గోల్ ఉంది చూశారా. ఆ కాలు అలా వంచి కొట్టడం నేను నేర్పించిందే. రెండేళ్లు పట్టింది. యంత్రంలో నాకు సున్నా వచ్చింది. వందేం అక్కర్లేదు. నాలుగో అయిదో..."

ఫర్హానా నవ్వాపుకోలేకపోయింది. "మీరు కూడానా!"

ఎల్లాజీ సిగ్గుపడ్డాడు. ఒక్క రోజు పాటు రెండు గోల్స్ తన పేరున ఉన్నాయి. అవి పోయినప్పుడు లోపల ఏదో చివుక్కుమంది. ఎనభై ఒక్క శాతం తప్పు నెత్తిన పడ్డప్పుడు కూడా అలా అనిపించలేదు.

"మార్గం లేకపోలేదు" అంది ఫర్హానా, నవ్వు తగ్గాక. బల్ల సొరుగు లాగి చిన్న పొట్లం తీసింది. అందులో నాడీపొర ఉంది. "ఇది మీరూ అంటించుకోవాలి. ప్రాక్టీసులో, ఆటలో. నిబంధనల్లో వద్దని లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీ నాడులు, వాళ్ల నాడులు పక్కపక్కన పెట్టి చదివితే మీరు నేర్పింది వాళ్ల కాళ్లలో ఎంతుందో తెలుస్తుంది. కానీ నర్సికి చెప్పిందే మీకూ చెబుతాను. మొత్తం చదువుతుంది. మీరు తలూపడం, మొహం తిప్పడం, ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా."

ఎల్లాజీ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు.

"అంటించండి" అన్నాడు.

పొర చల్లగా ఉంది. అంటించాక అది ఉన్నట్టే తెలియలేదు.

మర్నాటి ప్రాక్టీసులో నర్సి కొట్టిన మొదటి షాట్ గోల్ దాటి వెళ్లిపోయింది. ఎల్లాజీ మెడ తన ప్రమేయం లేకుండానే సముద్రం వైపు తిరిగింది. తిరిగాక గుర్తొచ్చి వెనక్కి తిప్పుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పక్కనే ఉన్న చిన్న తెర మీద, తొమ్మిదేళ్లలో మొదటిసారి, ప్రాక్టీసు లెక్కలో ఆయన పేరు వచ్చింది. కోచ్, ముప్పై శాతం.

ఆయన నర్సిని కేకేసి పిలిచి తెర చూపించాడు. గొంతులో దాచుకున్నా దాగని గర్వం ఉంది.

"ఇదిగో అమ్మా, ఆ మిస్సులో ముప్పై నాది."

నర్సి తెరను చూసింది, ఆయన్ను చూసింది, మళ్లీ తెరను చూసింది.

"ముప్పయ్యేనా సార్?" అంది.